ప్లేబుక్ రన్ చేసేముందు యాన్సిబుల్ కన్సోల్‌లో టాస్కు పరీక్షించడం ఎలా?

"అన్నా, ఒక్క లైను మారిస్తే ప్లేబుక్ మొత్తం మళ్లీ రన్ చేయాల్సిందేనా?"

టీములోకి కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ ఏదో ఒక రోజు నన్ను ఈ మాట అడుగుతారు. యాన్సిబుల్ అంటే చాలా మెషీన్లని ఒకేచోటి నుంచి సిద్ధం చేసే టూల్. వాటి మీద చేయాల్సిన పనులని, అంటే టాస్కులని, వరసగా రాసుకునే ఫైలే ప్లేబుక్. ఇరవై ఏడో టాస్కులో తప్పు దొరుకుతుంది. దిద్దుతారు. మళ్లీ ఒకటో టాస్కు నుంచి మొదలు. ఈలోపు వెళ్లి టీ తాగొస్తారు. వచ్చేసరికి ఇరవై ఎనిమిదో టాస్కు దగ్గర ఎర్ర అక్షరాలు. అలా సాయంత్రమైపోతుంది.

అంత బాధ అక్కర్లేదు. యాన్సిబుల్‌తో పాటే యాన్సిబుల్-కన్సోల్ అనే టూల్ వస్తుంది. 2016లో వచ్చిన 2.1 వెర్షన్ నుంచీ ఉంది, కానీ కోర్సుల్లో దీన్ని చెప్పేవాళ్లు తక్కువ. పైథాన్ ప్రాంప్ట్ దగ్గర ఒక్కో లైను కొట్టి చూసినట్టే, ఇక్కడ ఒక్కో టాస్కు కొట్టి, అది నిజం మెషీన్ మీద ఏం చేసిందో అక్కడికక్కడే చూడొచ్చు. నచ్చాక దాన్ని ప్లేబుక్‌లోకి ఎక్కించుకోవచ్చు.

మొదలుపెట్టే ముందు లిపి గురించి ఒక మాట. ఈ గైడ్‌లో కమాండ్లు కూడా తెలుగు లిపిలోనే ఉన్నాయి. టెర్మినల్‌లో మాత్రం అవన్నీ ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో కొట్టాలి. కేపిటల్ అక్షరం కావాల్సిన చోట విడిగా చెబుతాను. మాడ్యూల్ (టాస్కులో అసలు పని చేసే చిన్న ప్రోగ్రాం) పేరు స్పెల్లింగ్ మీద అనుమానం వస్తే కన్సోల్‌లో మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కండి, మిగతాది అదే పూర్తిచేస్తుంది.

ఏమేం కావాలి

- లైనక్స్ లేదా మ్యాక్ లాప్‌టాప్. విండోస్ అయితే డబ్ల్యూఎస్ఎల్ (విండోస్‌లోనే లైనక్స్ నడిపే ఏర్పాటు) లోపల ఉబుంటు. యాన్సిబుల్ నేరుగా విండోస్ మీద నడవదు. విండోస్ మెషీన్లని మేనేజ్ చేయగలదు గానీ, తను కూర్చునే చోటు విండోస్ కాకూడదు.
- చెడగొట్టినా ఎవరూ ఏడవని మెషీన్లు రెండో మూడో. వర్చువల్ మెషీన్లు తయారుచేసే వర్చువల్‌బాక్స్, వేగ్రంట్ ఉంటే చాలు. మీ లాప్‌టాప్‌లో ర్యామ్ 8 జీబీయే అయితే ఒక్క మెషీన్‌తో సరిపెట్టుకోండి.
- వాటిలో పైథాన్ 3, మీ ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగినయ్యే పద్ధతి) కీ, సుడో హక్కు (రూట్‌గా, అంటే అడ్మిన్‌గా కమాండ్లు నడిపే అనుమతి).

డాకర్ కంటైనర్లు వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. ఫైళ్లు, ప్యాకేజీల వరకూ వాడొచ్చు. కానీ మామూలు కంటైనర్ ఇమేజ్‌లో సర్వీసులని నడిపే సిస్టమ్‌డీ ఉండదు, పైథాన్ కూడా ఉండకపోవచ్చు. సర్వీసు స్టార్ట్ చేసే టాస్కు అక్కడ ఫెయిలైతే తప్పు మీ కోడ్‌దో కంటైనర్‌దో తేల్చుకోలేక తల పట్టుకుంటారు. మొదటిసారికి వర్చువల్ మెషీనే మేలు.

1. ఇన్‌స్టాల్ చేసి, ఉందో లేదో చూసుకోండి

కొత్త ఉబుంటులో నేరుగా పిప్‌తో ఇన్‌స్టాల్ చేయబోతే, ఈ పైథాన్‌ని సిస్టమ్ చూసుకుంటోంది, నువ్వు ముట్టుకోకు అని ఎర్రర్ ఇస్తుంది. దాన్ని బలవంతంగా దాటే ఆప్షన్ నెట్‌లో దొరుకుతుంది, వాడకండి. ఒక్కో టూల్‌ని విడి చోట పెట్టే పిప్ఎక్స్ వాడండి:

    పిప్ఎక్స్ ఇన్‌స్టాల్ యాన్సిబుల్-కోర్

కోర్‌తో పాటు మిగతా కలెక్షన్లన్నీ (మాడ్యూళ్ల కట్టలు) కావాలంటే యాన్సిబుల్ అనే పెద్ద ప్యాకేజీ ఉంది. దాన్ని పిప్ఎక్స్‌తో పెట్టేటప్పుడు "ఇన్‌క్లూడ్-డెప్స్" ఆప్షన్ మరిచిపోకండి. మరిచిపోతే ఇన్‌స్టాల్ అంతా సవ్యంగా జరిగినట్టే కనిపిస్తుంది, తీరా కమాండ్ కొడితే దొరకదు. ఎందుకంటే కమాండ్లన్నీ ఉండేది కోర్ ప్యాకేజీలో.

సరిచూసుకోవడానికి:

    యాన్సిబుల్-కన్సోల్ --వెర్షన్

వెర్షన్ నంబరుతో పాటు ఏ కాన్ఫిగ్ ఫైలు చదువుతోందో కూడా చెబుతుంది. ఆ లైను తప్పకుండా చూడండి. డబ్ల్యూఎస్ఎల్‌లో ప్రాజెక్టుని సీ డ్రైవ్‌లో పెట్టుకున్నవాళ్లకి ఇక్కడే చిక్కొస్తుంది. ఆ ఫోల్డర్‌లో ఎవరైనా రాయగలిగే పర్మిషన్లు ఉంటే, అందులోని కాన్ఫిగ్ ఫైలుని యాన్సిబుల్ పట్టించుకోదు. ఒక వార్నింగ్ ఇస్తుంది, మనం చదవం. ప్రాజెక్టుని ఉబుంటు లోపలి హోమ్ ఫోల్డర్‌కి మార్చుకోండి.

2. ఇన్వెంటరీ రాసి, ఒక్కసారి చేత్తో లాగినవ్వండి

ఇన్వెంటరీ అంటే మీ మెషీన్ల జాబితా. హోస్ట్స్.ఐఎన్ఐ అనే ఫైల్లో:

    [వెబ్]
    వెబ్1 యాన్సిబుల్_హోస్ట్=192.168.56.11
    వెబ్2 యాన్సిబుల్_హోస్ట్=192.168.56.12

    [డీబీ]
    డీబీ1 యాన్సిబుల్_హోస్ట్=192.168.56.21

    [ఆల్:వార్స్]
    యాన్సిబుల్_యూజర్=వేగ్రంట్

ఇప్పుడు మూడు మెషీన్లలోకీ మామూలు ఎస్ఎస్‌హెచ్‌తో ఒక్కొక్కసారి వెళ్లి రండి. మొదటిసారి కాబట్టి "ఈ మెషీన్‌ని నమ్మాలా?" అని అడుగుతుంది, యెస్ అనండి. ఈ పని ఎగ్గొట్టి కన్సోల్ తెరిస్తే అదే ప్రశ్న మూడు మెషీన్ల నుంచి ఒకేసారి వస్తుంది, ఏ జవాబు ఎవరికి వెళ్లిందో తెలియదు, స్క్రీన్ ఆగిపోయినట్టు ఉంటుంది. ఈ ప్రశ్నే రాకుండా హోస్ట్ కీ చెకింగ్ ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ల్యాబులో సరే. ఆ అలవాటు ఆఫీసు సర్వర్ల దాకా వస్తుంది, అందుకే వద్దంటాను.

3. కన్సోల్ తెరిచి, ప్రాంప్ట్ చదవండి

    యాన్సిబుల్-కన్సోల్ -ఐ హోస్ట్స్.ఐఎన్ఐ

సుడోకి పాస్‌వర్డ్ అడిగే మెషీన్లయితే మైనస్ కేపిటల్ కె కూడా చేర్చండి. లేకపోతే తర్వాత "మిస్సింగ్ సుడో పాస్‌వర్డ్" అంటుంది. వేగ్రంట్ బాక్సుల్లో మామూలుగా ఆ అవసరం రాదు.

ప్రాంప్ట్ ఇలా ఉంటుంది:

    రవి@ఆల్ (3)[ఎఫ్:5]$

ఎట్ గుర్తు తర్వాత ఉన్నది మీరు ఏ గ్రూపు మీద పనిచేస్తున్నారో చెబుతుంది. బ్రాకెట్లో 3 అంటే ఎంటర్ నొక్కితే మూడు మెషీన్ల మీద నడుస్తుందని అర్థం. ఎఫ్:5 అంటే ఒక విడతకి ఐదు మెషీన్లు. చివర డాలర్ ఉంటే మామూలు యూజర్. హ్యాష్ గుర్తు ఉండి ప్రాంప్ట్ ఎర్రగా మారితే రూట్‌గా ఉన్నారని.

మొదట ఉన్న పేరుని మాత్రం నమ్మకండి. కమాండ్ లైన్లో యూజర్ పేరు ఇవ్వకపోతే అక్కడ మీ లాప్‌టాప్ లాగిన్ పేరే కనిపిస్తుంది, ఇన్వెంటరీలో వేగ్రంట్ అని రాసినా సరే. అసలు ఎవరిగా వెళ్తున్నారో తెలియాలంటే "హూఆమ్‌ఐ" కొట్టి చూడండి.

ఇప్పుడు ఒక్క మెషీన్‌కి దిగండి:

    సీడీ వెబ్1

ప్రాంప్ట్‌లో వెబ్1, బ్రాకెట్లో 1 కనిపించాలి. "లిస్ట్" కొడితే ఏ మెషీన్లు ఎంపికలో ఉన్నాయో, "లిస్ట్ గ్రూప్స్" కొడితే ఏ గ్రూపులున్నాయో చూపిస్తుంది. "సీడీ వెబ్:!వెబ్2" అంటే వెబ్ గ్రూపులో వెబ్2 తప్ప మిగతావి.

ఇక్కడ కాస్త ఆగుదాం. ఈ సీడీకీ మనకి చేతివేళ్లలో ఉన్న లైనక్స్ సీడీకీ సంబంధం లేదు. ఇది ఫోల్డర్ మార్చదు, మెషీన్ల ఎంపిక మారుస్తుంది. "సీడీ /వార్/లాగ్" కొడితే ఏ హోస్టూ దొరకలేదంటుంది, అంతటితో పోతుంది. కానీ "సీడీ /" కొడితే? ఇన్వెంటరీలో ఉన్న అన్ని మెషీన్లకీ తీసుకెళ్తుంది. ఉత్త "సీడీ" అన్నా అంతే.

పాత కంపెనీలో నాకు ఇది తగిలింది. నలభై స్టేజింగ్ మెషీన్లున్న ఇన్వెంటరీ. ఒక్క వెబ్ మెషీన్‌లో ఏదో చూస్తూ, రూట్ ఫోల్డర్‌కి వెళ్దామని అలవాటు కొద్దీ సీడీ, స్పేస్, స్లాష్ కొట్టేశాను. ఎర్రర్ రాలేదు. ఆ వెంటనే వెబ్ సర్వీసు రీస్టార్ట్ చేసే లైను. దానికి ఒక్క జవాబే రావాలి. పసుపు రంగులో ఐదు వచ్చాయి, ఇంకో ఐదు వచ్చాయి. అప్పటికి కళ్లు ప్రాంప్ట్ మీదకి వెళ్లాయి, కంట్రోల్-సీ నొక్కాను. పది మెషీన్లు రీస్టార్ట్ అయ్యాయి. ప్రొడక్షన్ కాదు కాబట్టి బతికిపోయాను గానీ, ఆ పూట నడుస్తున్న లోడ్ టెస్ట్ మొత్తం పోయింది. ఆ టెస్ట్ నడిపిస్తున్న అమ్మాయి నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

అప్పట్నుంచి ఎంటర్ నొక్కే ముందు బ్రాకెట్లోని అంకె చూడకుండా నొక్కను. మీరూ అలవాటు చేసుకోండి. ప్రొడక్షన్ ఇన్వెంటరీ అయితే అసలు కన్సోల్ తెరవొద్దు.

4. కనెక్షన్, వేరియబుల్స్ సరిచూసుకోండి

    పింగ్

"పాంగ్" అని పచ్చగా రావాలి. ఇది నెట్‌వర్క్ పింగ్ కాదు. లాగిన్ అయిందా, అక్కడ పైథాన్ పనిచేస్తోందా అని చూసే మాడ్యూల్. అన్‌రీచబుల్ అని వస్తే ఎస్ఎస్‌హెచ్ దగ్గర తేడా ఉంది, రెండో అడుగుకి వెనక్కి వెళ్లండి.

వేరియబుల్ విలువ చూడటానికి:

    డీబగ్ వార్=యాప్_పోర్ట్

గ్రూప్_వార్స్‌లో (గ్రూపు మొత్తానికి) 8080 అని రాసి, హోస్ట్_వార్స్‌లో (ఒక్క మెషీన్‌కి) ఎవరో 9090 అని రాసి ఉంటే చివరికి ఏది గెలిచిందో ఇక్కడ ఒక్క లైనులో తేలిపోతుంది. నేను కన్సోల్ తెరిచే సందర్భాల్లో సగం దీనికోసమే. "వేరియబుల్ ఈజ్ నాట్ డిఫైన్డ్" అని వస్తే మూడు కారణాలు చూడండి. పేరు తప్పు కొట్టి ఉండొచ్చు. గ్రూప్_వార్స్ ఫోల్డర్ ఇన్వెంటరీ పక్కన కాకుండా ప్లేబుక్ పక్కన ఉండి, మీరు వేరే ఫోల్డర్ నుంచి కన్సోల్ తెరిచి ఉండొచ్చు. అప్పుడు "ప్లేబుక్-డిర్" ఆప్షన్‌తో ఆ దారి చెప్పాలి. లేదా అది రోల్ (మళ్లీ మళ్లీ వాడుకునే టాస్కుల కట్ట) డిఫాల్ట్స్‌లో ఉన్న వేరియబుల్ కావచ్చు. రోల్ నడవందే అవి ఇక్కడికి రావు.

మెషీన్ వివరాలు కావాలంటే "సెటప్ ఫిల్టర్=యాన్సిబుల్_డిస్ట్రిబ్యూషన్*". ఫిల్టర్ లేకుండా ఉత్త సెటప్ కొడితే పేజీలకి పేజీలు వస్తాయి.

5. టాస్కుని మూడుసార్లు నడపండి: ఉత్తుత్తిగా, నిజంగా, మళ్లీ నిజంగా

లాగినయ్యేటప్పుడు కనిపించే సందేశం ఫైలుతో మొదలుపెడదాం. ముందు రూట్ హక్కు, ఉత్తుత్తి మోడ్, తేడా చూపించే మోడ్ ఆన్ చేయండి:

    బికమ్ యెస్
    చెక్ యెస్
    డిఫ్ యెస్
    కాపీ కంటెంట్='ఇది టెస్ట్ మెషీన్' డెస్ట్=/ఈటీసీ/ఎంఓటీడీ మోడ్=0644

పాత ఫైల్లో ఏముంది, కొత్తదాంట్లో ఏముంటుంది అని ప్లస్, మైనస్ గుర్తులతో చూపిస్తుంది. ఫైలు మాత్రం మారదు. అనుకున్నదే కనిపిస్తే "చెక్ నో" కొట్టి, పై బాణం నొక్కి అదే కాపీ లైను మళ్లీ నడపండి. పసుపు రంగులో "ఛేంజ్డ్" వస్తుంది. అదే లైను ఇంకోసారి నడపండి. ఇప్పుడు పచ్చగా, ఛేంజ్డ్ ఫాల్స్ అని రావాలి.

ఈ మూడోసారే అసలు పరీక్ష. మొదటిసారి పనిచేసిన టాస్కు రాయడం కష్టం కాదు. చేయాల్సింది అప్పటికే జరిగి ఉంటే కదలకుండా ఊరుకునే టాస్కు రాయాలి. మూడోసారి కూడా పసుపే వస్తే ప్లేబుక్ నడిచిన ప్రతిసారీ ఆ ఫైలు మారినట్టు లెక్క, దాన్ని నమ్ముకున్న సర్వీసు ప్రతిసారీ రీస్టార్ట్ అవుతుంది.

ప్యాకేజీకి వద్దాం. కొత్త మెషీన్లో నేరుగా ఎన్‌జినెక్స్ అనే వెబ్ సర్వర్ పెట్టబోతే ఆ పేరుతో ప్యాకేజీ ఏదీ లేదు అనొచ్చు. పేరు సరిగ్గానే ఉంటుంది, ప్యాకేజీల జాబితానే ఇంకా దిగి ఉండదు. ముందు జాబితా తెప్పించుకోండి:

    ఏపీటీ అప్‌డేట్_క్యాష్=యెస్
    ఏపీటీ నేమ్=ఎన్‌జినెక్స్ స్టేట్=ప్రెజెంట్
    సర్వీస్ నేమ్=ఎన్‌జినెక్స్ స్టేట్=స్టార్టెడ్ ఎనేబుల్డ్=యెస్

ఎన్‌జినెక్స్ అంటే ఎన్, జీ, ఐ, ఎన్, ఎక్స్. మధ్యలో ఈ రాదు, ఇది ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు తప్పు కొడతారు.

ఉత్తుత్తి మోడ్ గురించి రెండు హెచ్చరికలు. ఒకటి, చెక్ ఆన్‌లో ఉన్నప్పుడు షెల్ కమాండ్లు నడవవు, స్కిప్ అవుతాయి. అది ఏం చేస్తుందో యాన్సిబుల్‌కి ముందుగా తెలిసే దారి లేదు మరి. రెండు, ముందు టాస్కు నిజంగా జరగలేదు కాబట్టి దాని మీద ఆధారపడే తర్వాతి టాస్కు ఎర్రబడొచ్చు. ఫోల్డర్ తయారుచేసే టాస్కుని చెక్‌లో నడిపి, ఆ ఫోల్డర్‌లోకి ఫైలు కాపీ చేయబోతే ఫోల్డరే లేదంటుంది. అది మీ కోడ్ తప్పు కాదు, కంగారుపడి ఏదో ఒకటి దిద్దేయకండి.

6. ఒక ఫైల్లో ఒక్క లైను మార్చడం: ఎక్కువమంది తప్పుచేసేది ఇక్కడే

ఎస్ఎస్‌హెచ్ సర్వర్ కాన్ఫిగ్ ఫైల్లో రూట్ లాగిన్‌ని ఆపాలనుకోండి. లైన్‌ఇన్‌ఫైల్ మాడ్యూల్ తీసుకుని, పాత్, లైన్ మాత్రమే ఇచ్చి వదిలేస్తారు. మొదటిసారి పసుపు, రెండోసారి పచ్చ. పరీక్ష పాసయినట్టే ఉంటుంది. కాలేదు.

రెజ్ఎక్స్‌పీ (పాత లైనుని గుర్తుపట్టే నమూనా) ఇవ్వలేదు కాబట్టి పాత లైను ఎక్కడుందో మాడ్యూల్ వెతకలేదు. కొత్త లైనుని ఫైలు చివర తగిలించింది. పాత "యెస్" లైను పైన అలాగే ఉంది, కింద కొత్త "నో" చేరింది. ఎస్ఎస్‌హెచ్ సర్వర్ ఒకే సెట్టింగ్ రెండుసార్లు కనిపిస్తే మొదటిదాన్నే తీసుకుంటుంది. అంటే రూట్ లాగిన్ ఇంకా తెరిచే ఉంది, మీ స్క్రీన్ మీద మాత్రం అంతా పచ్చగా ఉంది.

కాబట్టి రెజ్ఎక్స్‌పీ తప్పకుండా ఇవ్వండి. ముందు హ్యాష్ ఉన్నా లేకపోయినా పట్టుకునేలా, లైను మొదలు నుంచి రాయండి. వ్యాలిడేట్ కూడా ఇవ్వండి. మార్చిన ఫైలుని ఎస్ఎస్‌హెచ్‌డీ (ఎస్ఎస్‌హెచ్ సర్వర్ ప్రోగ్రాం) చేతే మైనస్ టీ, మైనస్ ఎఫ్ ఆప్షన్లతో చదివించి, బాగుంటేనే అసలు చోట పెడుతుంది. ఈ పరీక్ష చేస్తున్నంతసేపూ పక్కన ఇంకో టెర్మినల్లో ఆ మెషీన్లోకి లాగినై ఉండండి, మూసేయకండి. తలుపుకి బయట నుంచి తాళం పడితే లోపల ఒకరుండాలి కదా.

సర్వర్ దృష్టిలో చివరికి ఏ విలువ నిలిచిందో చూడాలంటే ఫైలు తెరిచి చదవొద్దు. ఉబుంటులో ఆ ఫైలు మొదట్లోనే పక్క ఫోల్డర్‌లోని ఫైళ్లని కూడా కలుపుకునే లైను ఒకటుంటుంది. అక్కడ వేరే విలువ ఉంటే అదే గెలుస్తుంది. ఎస్ఎస్‌హెచ్‌డీ కమాండ్‌కి మైనస్ కేపిటల్ టీ ఇచ్చి, పైప్ పెట్టి గ్రెప్‌తో వెతకండి. కన్సోల్‌లో పైపులు పనిచేస్తాయి.

7. ఫలితాన్ని బయటి నుంచి అడగండి

పచ్చ రంగు వచ్చిందంటే మాడ్యూల్ తన పని తాను చేశానంటోందని మాత్రమే. సర్వీసు లేచిందా అని సర్వీసునే అడగాలి:

    వెయిట్_ఫర్ పోర్ట్=80 టైమౌట్=10
    యూఆర్ఐ యూఆర్ఎల్=హెచ్‌టీటీపీ://లోకల్‌హోస్ట్ స్టేటస్_కోడ్=200

మొదటిది పోర్టు తెరుచుకుందా అని పది సెకన్లు చూస్తుంది. రెండోది పేజీ తెచ్చి చూస్తుంది. ఇక్కడ లోకల్‌హోస్ట్ అంటే మీ లాప్‌టాప్ కాదు, వెబ్1. ఒక్క మెషీన్ మీద ఇవన్నీ సరిపోయాక "సీడీ వెబ్" అని గ్రూపుకి వెళ్లి అదే వరస నడపండి. ఏ మెషీన్ జవాబు ఏదో నిదానంగా చూడాలంటే "ఫోర్క్స్ 1" పెట్టుకోండి.

8. ప్లేబుక్‌లోకి ఎక్కించండి

కన్సోల్లో "ఇది=అది" అని రాసినవన్నీ ప్లేబుక్‌లో "ఇది: అది" అవుతాయి. పని పది నిమిషాలు కూడా పట్టదు. కానీ ఒక గుంట ఉంది.

కన్సోల్లో మోడ్=644 అని కొడితే బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ అది అక్షరాల వరస. ప్లేబుక్‌లో కోట్స్ లేకుండా 644 అని రాస్తే యామల్ (ప్లేబుక్‌లు రాసే ఫార్మాట్) దాన్ని మామూలు అంకె అనుకుంటుంది. దశాంశ 644ని పర్మిషన్లు రాసే అష్టాంశంలోకి మారిస్తే 1204. ఫైలు ఓనర్‌కి రాసే హక్కు మిగులుతుంది, చదివే హక్కు పోతుంది! కన్సోల్లో పాసయిన టాస్కు ప్లేబుక్‌లో ఇలా దెబ్బతింటే గంటసేపు అర్థం కాదు. ఎప్పుడూ కోట్స్‌లో '0644' అని రాయండి. అనుమానముంటే "స్టాట్ పాత్=/ఈటీసీ/ఎంఓటీడీ" కొట్టి, జవాబులో మోడ్ దగ్గర ఏముందో చూడండి.

తర్వాత ప్లేబుక్‌ని ముందు చెక్, డిఫ్ ఆప్షన్లతో, తర్వాత మామూలుగా రెండుసార్లు నడపండి. రెండోసారి చివర వచ్చే లెక్కలో ఛేంజ్డ్=0 ఉండాలి.

9. కన్సోల్ చాలని చోట డీబగ్గర్

టాస్కుని తిప్పి తిప్పి నడిపే లూప్, షరతు పెట్టే వెన్, ఫలితాన్ని దాచుకునే రిజిస్టర్, మార్పు జరిగితేనే నడిచే హ్యాండ్లర్ — ఇవేవీ కన్సోల్లో పరీక్షించలేరు. అక్కడ ఒక్కో లైను దానికదే ఒక ప్లే. ముందు లైనులో ఎక్స్‌పోర్ట్ చేసిన ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ కూడా తర్వాతి లైనుకి ఉండదు. వీటికి ప్లేబుక్ లోపలే డీబగ్గర్ ఉంది. తేడాగా ఉన్న టాస్కులో ఒక లైను చేర్చండి:

    డీబగ్గర్: ఆన్_ఫెయిల్డ్

ఆ టాస్కు ఫెయిలైన క్షణంలో ప్లేబుక్ ఆగి ప్రాంప్ట్ ఇస్తుంది. అప్పుడు:

- "పి టాస్క్.ఆర్గ్స్" కొడితే టాస్కుకి ఏమేం వెళ్లాయో కనిపిస్తుంది. "పి రిజల్ట్._రిజల్ట్" కొడితే పూర్తి ఎర్రర్.
- టాస్క్.ఆర్గ్స్['నేమ్'] = 'ఎన్‌జినెక్స్' అని అక్కడికక్కడే విలువ దిద్దొచ్చు.
- "ఆర్" కొడితే ఆ టాస్కు మళ్లీ నడుస్తుంది. "సి" అంటే ముందుకి పోనివ్వు, "క్యూ" అంటే ఆపేయ్.

వేరియబుల్‌నే మార్చారనుకోండి, అంటే టాస్క్_వార్స్‌లోది, అప్పుడు ఆర్ కంటే ముందు "యు" కొట్టాలి. లేకపోతే టాస్కు పాత విలువతోనే నడిచి మళ్లీ ఫెయిలవుతుంది, మీరేమో దిద్దింది తప్పనుకుంటారు.

డీబగ్గర్లో దిద్దింది ఫైల్లోకి వెళ్లదు. ప్లేబుక్ చివరిదాకా పచ్చగా నడిచిందని సంతోషించి, ఫైలు మార్చకుండానే కమిట్ చేసి ఇంటికెళ్లినవాళ్లు నాకు తెలుసు. ఎడిటర్ పక్కనే తెరిచి ఉంచుకోండి. కమిట్ చేసే ముందు ఆ డీబగ్గర్ లైను కూడా తీసేయండి.

పదే పదే వచ్చే తిప్పలు

*"ఏపీటీ ఇన్‌స్టాల్ ఎన్‌జినెక్స్" అంటే తిడుతోంది.* కన్సోల్ ముందు మీ మొదటి మాట మాడ్యూల్ పేరేమో చూస్తుంది. ఏపీటీ మాడ్యూలే కాబట్టి మిగతాదంతా నేమ్=, స్టేట్= పద్ధతిలో ఉండాలనుకుంటుంది. హోస్ట్‌నేమ్, ఫైండ్, స్టాట్, గిట్, సర్వీస్ కూడా ఇంతే. వాటిని మామూలు కమాండ్లుగా నడపాలంటే ముందు ఆశ్చర్యార్థకం పెట్టండి: !హోస్ట్‌నేమ్.

*రెండు ఫైళ్లు పోల్చుదామని డిఫ్ కొడితే జవాబే లేదు.* డిఫ్, చెక్, టైమౌట్, లిస్ట్ అనేవి కన్సోల్ సొంత మాటలు. మీరు ఫైళ్లు పోల్చలేదు, తేడా చూపించే మోడ్‌ని ఆపేశారు. ఇక్కడా ఆశ్చర్యార్థకమే మందు.

*ఆర్‌సీ=127 వచ్చింది.* మాడ్యూల్ పేరు తప్పు కొట్టారు. మొదటి మాట మాడ్యూల్ కాకపోతే కన్సోల్ అడగదు, ఆగదు, లైను మొత్తాన్ని షెల్ కమాండ్‌గా ఎంపికలో ఉన్న అన్ని మెషీన్లకీ పంపేస్తుంది. ఎక్కువసార్లు అలాంటి కమాండ్ లేదన్న జవాబుతో పోతుంది. కానీ మీరు పొరపాటున వేరే విండోలో కొట్టాల్సిన ఆర్ఎమ్ (ఫైళ్లు తీసేసే కమాండ్) ఇక్కడ కొడితే? వాట్సాప్ నుంచో నోట్స్ నుంచో లైన్లు తెచ్చి అతికించేవాళ్లు మరీ జాగ్రత్త.

*రీబూట్ కొట్టి చూశాను...* రీబూట్ మాడ్యూలూ ఉంది, కమాండూ ఉంది. రూట్‌గా ఉంటే ఎలా కొట్టినా ఎంపికలో ఉన్నవన్నీ రీబూట్ అవుతాయి.

*స్క్రీన్ కదలడం లేదు.* టాప్, విమ్ లాంటివి, మనిషి జవాబు కోసం ఎదురుచూసే ఇన్‌స్టాలర్లు ఇక్కడ నడపొద్దు. కంట్రోల్-సీతో బయటికొచ్చి, "టైమౌట్ 30" పెట్టుకుని కొనసాగండి. ముప్ఫై సెకన్లు దాటిన టాస్కు దానంతటదే ఆగిపోతుంది.

*షెల్‌తో ఎకో కొట్టి ఫైల్లో లైను చేర్చాను, ప్రతిసారీ ఛేంజ్డ్ అంటోంది.* ప్రతిసారీ ఇంకో లైను చేరుతోంది మరి, ఫైలు తెరిచి చూడండి. లైన్‌ఇన్‌ఫైల్ వాడండి.

యాన్సిబుల్ లాంటి వేరే టూల్స్‌లో చెఫ్ వాడేవాళ్లకి ఇదే అవసరానికి చెఫ్-షెల్ ఉంది, పప్పెట్ వాళ్లకి పప్పెట్ డీబగ్గర్ ఉంది. యాన్సిబుల్‌లోనే రోల్ మొత్తాన్ని మెషీన్ పుట్టించి, పరీక్షించి, కూల్చేసేదాకా మనిషి లేకుండా జరగాలంటే మాలిక్యూల్ చూడండి. దాని సెటప్‌కి ఒక పూట పడుతుంది, కన్సోల్‌కి ఐదు నిమిషాలు.

పని అయ్యాక "ఎగ్జిట్" కొట్టండి. మీరు కన్సోల్లో కొట్టిన ప్రతి లైనూ మీ హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే యాన్సిబుల్-కన్సోల్_హిస్టరీ అనే ఫైల్లో పడి ఉంటుంది. డేటాబేస్ యూజర్‌ని తయారుచేసే టాస్కు పరీక్షించేటప్పుడు పాస్‌వర్డ్ నేరుగా లైనులో కొట్టారా? అయితే అది కూడా అక్కడే ఉంటుంది. ఫైలు తెరిచి ఆ లైను తీసేయండి. ఆ పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా వాడుతున్నారా, మార్చేయండి.